కుక్కకి మత్తు: ఏ మందుకి ఏది జత, ఏ కుక్కకి ఏ జత? (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఇవన్నీ క్లినిక్‌లో రోజూ వినే ప్రశ్నలే. కొన్ని కుక్కని తెచ్చినవాళ్లు అడుగుతారు, కొన్ని మా దగ్గరికి ఇంటర్న్‌షిప్‌కి వచ్చే పిల్లలు అడుగుతారు. విడివిడిగా చెప్పలేక రెండూ కలిపి రాసేస్తున్నాను. అక్కడక్కడా డోసులు ఉన్నాయి, అవి ఒక మందుని ఇంకో మందుతో పోల్చి చూడడానికే, ఇంట్లో సిరంజి పట్టుకోవడానికి కాదు.

ఒక్క ఇంజక్షన్‌తో పని అయిపోదా? రెండు మూడు ఎందుకు కలుపుతారు?

మత్తు అని ఒక్క మాటలో అంటాం గానీ అందులో నాలుగు పనులున్నాయి. కుక్క భయం తగ్గాలి, కదలకూడదు, నొప్పి తెలియకూడదు, కండరాలు వదులవ్వాలి. ఈ నాలుగూ ఒక్క మందుతోనే చేయించాలంటే డోసు బాగా పెంచాలి, పెంచితే గుండె, ఊపిరి రెండూ దెబ్బతింటాయి. అందుకని తలా ఒక పని అప్పజెప్పి ఒక్కోటీ తక్కువ తక్కువగా ఇస్తాం.

ఇంకో కారణం కూడా ఉంది. కెటమిన్ అనే మత్తు మందు ఒక్కటే ఇస్తే కుక్క కర్రలా బిగుసుకుపోతుంది, చొంగ కారుస్తుంది, కొన్నింటికి ఫిట్స్‌లా వస్తుంది. దానికి జైలజిన్ గానీ డయాజిపామ్ గానీ, అంటే మగత తెచ్చే మందు ఏదో ఒకటి తోడిస్తే ఆ బిగుసు వదులుతుంది. జైలజిన్ గుండెని నెమ్మదింపజేస్తుంది, కెటమిన్ పరిగెత్తిస్తుంది. అంటే ఒకదాని తప్పుని ఇంకొకటి కొంత సర్దుతోంది. అన్ని జతలూ ఇలా సర్దుకోవు లెండి. ఎసిప్రోమజిన్ అనే ఇంకో మగత మందు ఇచ్చిన కుక్కకి, నరంలోకి ఇచ్చే మత్తు మందు ప్రొపొఫాల్ గబగబా ఎక్కిస్తే రెండూ కలిసి బీపీని కిందికి లాగుతాయి. ఏ మందు తప్పు ఏ మందు తప్పుతో కలుస్తుందో తెలిస్తే ఈ పేజీలో సగం చదివేసినట్టే.

మగత, మత్తు ఒకటి కాదా?

కాదు. మగతలో కుక్క పడుకుంటుంది, కానీ గట్టిగా శబ్దమైనా నొప్పి కలిగినా లేస్తుంది. పూర్తి మత్తులో లేవదు. చెవి శుభ్రం చేయడానికి, ఎక్స్‌రేకి, గోళ్లకి మగత చాలు. పొట్ట కోసే పనికి చాలదు.

నా ఎడమ బొటనవేలి మీద ఒక మచ్చ ఉంది. కొత్తల్లో ఒక జర్మన్ షెపర్డ్‌కి జైలజిన్ ఇచ్చాను, పది నిమిషాల్లో తల వాల్చేసింది, నాలుక బయట పెట్టి గురక. సరే పడుకుందిలే అని మూతి కట్టు విప్పి పన్ను చూస్తున్నాను. పక్క గదిలో స్టీలు ట్రే కింద పడింది. కుక్క లేవనైనా లేదు, ఉన్నచోటే పడుకుని కరిచి మళ్లీ గురక పెట్టింది. జైలజిన్, డెక్స్‌మెడిటోమిడిన్ జాతి మందులతో ఇది మామూలే, చూడ్డానికి కుక్కలు రాయిలా ఉంటాయి గానీ ముట్టుకున్నా శబ్దమైనా ఒక్క క్షణం లేచి పని చూసుకుంటాయి. బ్యుటార్ఫనాల్ అనే నొప్పి మందు కలిపితే ఇది బాగా తగ్గుతుంది, పూర్తిగా మాత్రం పోదు. అందుకే గదిలో దీపాలు తగ్గించి, ఫోన్లు ఆపి, ఇంజక్షన్ తర్వాత ఓ పదిహేను నిమిషాలు కుక్కని దాని మానాన వదిలేయమంటాను. కొందరు యజమానులు ఈలోగా "బంగారూ, నిద్రొస్తోందా" అని తల నిమురుతూనే ఉంటారు. దాంతో మందు సగం పని చేయదు, రెండో డోసు ఇవ్వాల్సొస్తుంది.

అందరూ జైలజిన్, కెటమిన్ ఇస్తారు కదా, అదే మంచిదా?

అందరూ ఇస్తారు, ఎందుకంటే అది చవక, కండకి ఇవ్వొచ్చు, పెద్ద యంత్రాలు అక్కర్లేదు. వీధి కుక్కల ఆపరేషన్లు చేసే చోట్ల, పల్లెల్లో పశువైద్యశాలల్లో ఇదే నడుస్తోంది. ఇరవై కిలోల కుక్కకి జైలజిన్ కిలోకి 1 మిల్లీగ్రాము అనుకుంటే 20 మిల్లీగ్రాములు, అంటే మన దగ్గర దొరికే వయల్‌లో 1 మిల్లీలీటరు. పది నిమిషాలాగి కెటమిన్ కిలోకి 5 చొప్పున 100 మిల్లీగ్రాములు, 2 మిల్లీలీటర్లు. పని అయిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న వయసు కుక్కలో, అరగంటలో ముగిసే పనికి, చేయి తిరిగినవాళ్లు చేస్తే ఫర్వాలేదు.

నాకు దీనితో పేచీ ఎక్కడంటే, జైలజిన్ మగత గంట, గంటన్నర ఉంటుంది కానీ దాని నొప్పి తగ్గించే గుణం పావుగంట నుంచి అరగంటే ఉంటుంది. అంటే కుక్క కదలకుండా పడుకుని ఉంటుంది, లోపల నొప్పి మాత్రం తెలుస్తూ ఉంటుంది. కదలడం లేదు కాబట్టి నొప్పి లేదు అనుకోవడం మా వృత్తిలో చాలా పాత తప్పు. గర్భసంచి తీసే ఆపరేషన్ నలభై నిమిషాలు సాగితే చివరి భాగంలో ఏం జరుగుతోందో ఆలోచించండి. ఈ జత వాడక తప్పని చోట కూడా పక్కన బ్యుటార్ఫనాల్, మెలోక్సికామ్ లాంటి నొప్పి మందు, కోసే చోట తిమ్మిరెక్కించే లిగ్నోకైన్ పెడితే ఖర్చు పెద్దగా పెరగదు, కుక్కకి మాత్రం చాలా తేడా. మగ కుక్కకి వృషణంలోకే కొంచెం లిగ్నోకైన్ ఇస్తే మత్తు మందు కూడా తక్కువ పడుతుంది.

రెండో పేచీ గుండెతో. జైలజిన్‌తో గుండె వేగం బాగా పడిపోతుంది, మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పుతుంది కూడా. బ్రిటన్‌లో, కెనడాలో వచ్చిన పాత సర్వేల్లో జైలజిన్ వాడిన కుక్కల్లో ప్రమాదాలు ఎక్కువ కనిపించాయి, అక్కడ దాన్ని కుక్కల్లో పక్కకి పెట్టడానికి అదో కారణం. ఇంకోటి, పెద్ద ఛాతీ ఉన్న గ్రేట్ డేన్ లాంటి కుక్కల్లో పొట్టలో గాలి నిండి ఉబ్బుతుంది. వాటికి నేనైతే ఇవ్వను.

ఇంజక్షన్ చేయగానే వాంతి చేసుకుంది, పడలేదా?

పడకపోవడం కాదు, జైలజిన్ మెదడులోని వాంతి కేంద్రాన్ని తట్టి లేపుతుంది, అంతే. డెక్స్‌మెడిటోమిడిన్‌తో కూడా అవుతుంది, కొంచెం తక్కువ. ఖాళీ కడుపయితే నురగ కక్కి ఊరుకుంటుంది. పేగులో బంతి ఇరుక్కున్న కుక్కకో, కంటికి దెబ్బ తగిలిన కుక్కకో వాంతి కావడమే ప్రమాదం కాబట్టి అక్కడ ఈ జాతి మందులు కండకి ఇవ్వం.

డెక్స్‌మెడిటోమిడిన్ అంటే ఏంటి? దానికెందుకంత బిల్లు?

జైలజిన్ కుటుంబమే, కానీ బాగా చదువుకున్న తమ్ముడు. రెండూ శరీరంలో ఆల్ఫా-2 అనే తాళాలనే తీస్తాయి, కానీ జైలజిన్ పక్కనున్న ఆల్ఫా-1 తాళాల్లో కూడా వేలు పెడుతుంది. ఆల్ఫా-1 కంటే ఆల్ఫా-2ని ఎన్ని రెట్లు ఎంచుకుంటుంది అన్న లెక్కలో జైలజిన్‌ది 160 అయితే దీనిది 1600 పైమాటే. అందుకే మైక్రోగ్రాముల్లో సరిపోతుంది, మగత నికరంగా ఉంటుంది, నొప్పి కూడా మెరుగ్గా తగ్గుతుంది. గుండె మీద మెత్తగా ఉంటుందని మాత్రం అనుకోకండి. రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ మొదట పెరుగుతుంది, దానికి బదులుగా గుండె నెమ్మదిస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, నాలుకకి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ తక్కువ అంకె చూపించి మనల్ని కంగారు పెడుతుంది. చాలాసార్లు అక్కడ ఆక్సిజన్ తగ్గి కాదు, నాలుకలో రక్తం తగ్గి. క్లిప్పు కొంచెం జరిపి పెట్టి చూడాలి, అలాగని అంకెని పట్టించుకోకుండా వదిలేయకూడదు కూడా. అనుమానంగా ఉంటే ఆక్సిజన్ పెట్టేయడమే.

దీనికున్న అసలు సుఖం వేరు, విరుగుడు ఉంది. అటిపమెజోల్ కండకి ఇస్తే ఐదు పది నిమిషాల్లో కుక్క తల ఎత్తి చుట్టూ చూస్తుంది. పశువుల కోసం వచ్చే డెక్స్‌మెడిటోమిడిన్‌కి లెక్క చాలా తేలిక, అది ఎన్ని మిల్లీలీటర్లు ఇచ్చామో ఇదీ అన్నే. ఇక్కడే ఒక గొయ్యి ఉంది. పశువుల సీసాలో ఒక మిల్లీలీటరుకి 500 మైక్రోగ్రాములు ఉంటాయి. మన మెడికల్ షాపుల్లో దొరికేది మనుషుల సీసా, చాలావాటిలో 100 మాత్రమే. ఐదు రెట్ల తేడా. ఒకసారి మా దగ్గర సీసా మారింది, నేను పాత లెక్కలోనే ఉన్నాను, సిరంజి నింపి పెట్టాను. మా అసిస్టెంట్ "సార్, ఈ లేబుల్ వేరేగా ఉంది" అని సీసా నా కళ్ల ముందు తిప్పింది. ఆ రోజు జరగబోయింది తక్కువ డోసే కాబట్టి కుక్కకి ఏం కాకపోయేది, కానీ అదే తప్పు అటునుంచి ఇటు జరిగితే? ఇప్పుడు మా టేబుల్ మీద సీసా చూసి అంకె పైకి చదవందే సిరంజి నింపేది లేదు. అటిపమెజోల్ లెక్కకి కూడా ఇదే వర్తిస్తుంది, మనుషుల సీసాకి "సమానంగా" అనే సూత్రం పనికిరాదు.

డోసు విషయంలో ఇంకో చిన్న సంగతి, ఈ మందుని కిలోల్లో కాకుండా ఒంటి వైశాల్యాన్ని బట్టి ఇస్తారు. అందుకే ఐదు కిలోల పొమెరేనియన్‌కి కిలోకి పడే మందు యాభై కిలోల మాస్టిఫ్‌కి పడేదాని కంటే ఎక్కువ. పెద్ద కుక్కకి చిన్న కుక్క లెక్క కడితే మూడు గంటలు లేవదు.

గుండె నెమ్మదించిందంటున్నారు, అట్రోపిన్ ఇస్తే సరిపోతుందిగా?

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు ఉంటుంది. డెక్స్‌మెడిటోమిడిన్ వల్ల నాళాలు బిగుసుకుని బీపీ ఇప్పటికే పైన ఉంది, గుండె నెమ్మదించింది ఆ బీపీని చూసే. అలాంటప్పుడు అట్రోపిన్ కొట్టి పరిగెత్తిస్తే గుండె మూసిన తలుపుని తోస్తున్నట్టు కష్టపడుతుంది, దానికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది, లయ తప్పవచ్చు. ముందు బీపీ చూడాలి. బీపీ బాగుంటే గుండెని దాని మానాన వదిలేయాలి, బీపీ కూడా పడిపోతుంటే విరుగుడు ఇవ్వడమే తెలివైన పని. జైలజిన్‌కి ముందు రివాజుగా అట్రోపిన్ పొడవడం మేం చదువుకునేటప్పుడు నేర్పారు, చాలామంది ఇంకా చేస్తున్నారు, నేను మానేశాను.

ఎసిప్రోమజిన్ సంగతి?

విదేశాల్లో ప్రీమెడ్ అంటే, అసలు మత్తుకి ముందిచ్చే మందు అంటే, ఇదే ముందు గుర్తొస్తుంది. మన దగ్గర దాని అక్కగారి లాంటి ట్రైఫ్లుప్రోమజిన్ ఎక్కువ వాడకంలో ఉంది. రెండింటితోనూ కుక్క నెమ్మదిగా, మర్యాదగా మగతలోకి వెళ్తుంది, వాంతులు తగ్గుతాయి, మత్తు కూడా సాఫీగా దిగుతుంది. నొప్పి మీద మాత్రం సున్నా, విరుగుడు లేదు, ఒకసారి ఇచ్చాక నాలుగైదు గంటలు భరించాల్సిందే, బీపీ పడుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. రక్తం పోయిన కుక్కకి, యాక్సిడెంట్ కేసుకి వద్దు. ఎసిప్రోమజిన్ పాత పుస్తకాల్లో ఉన్నంత అక్కర్లేదు, కిలోకి 0.01 నుంచి 0.05 మిల్లీగ్రాములు చాలు, ఎంత పెద్ద కుక్కకైనా మొత్తం 3 మిల్లీగ్రాములు దాటించరు. ఇంకా పెంచితే మగత పెరగదు, మందు దిగడమే ఆలస్యమవుతుంది. బాక్సర్ కుక్కలకి ఇది కొంచెం ఎక్కువ పనిచేస్తుంది, అందుకని వాటికి ఇంకా తగ్గిస్తాం.

డయాజిపామ్, కెటమిన్ జత ఎవరికి?

నరం దొరికిన, మరీ కోపం లేని కుక్కకి. గుండె మీద జైలజిన్ కంటే చాలా మెత్తన. ఇద్దరి డోసు చూడండి, ఇరవై కిలోల కుక్కకి డయాజిపామ్ 5 మిల్లీగ్రాములు, అంటే 1 మిల్లీలీటరు. కెటమిన్ 100 మిల్లీగ్రాములు, అంటే 2 మిల్లీలీటర్లు. అమెరికా పుస్తకాల్లో "సగం సగం కలపండి" అని ఉంటుంది, ఎందుకంటే వాళ్ల కెటమిన్‌లో మిల్లీలీటరుకి 100 ఉంటుంది. మనకి సాధారణంగా దొరికేది 50. ఆ వాక్యం చూసి సగం సగం కలిపిన ఇంటర్న్ "సార్, ఇది పడుకోవట్లేదు" అని పిలిస్తే తప్పు కుక్కది కాదు.

డయాజిపామ్ కండకి ఇవ్వకండి, మండుతుంది, ఒంట్లోకి సరిగా ఎక్కదు. కండకి ఇవ్వాలంటే మిడజోలామ్, అది నీళ్లలో కలిసే మందు. అయితే ఏడాది రెండేళ్ల దుడుకు కుక్కకి మిడజోలామ్ ఒక్కటే ఇస్తే మగత రాదు సరికదా కల్లు తాగినట్టు తిరుగుతుంది. ముసలి కుక్కకి, నీరసించిన కుక్కకి, కుక్కపిల్లకి బ్యుటార్ఫనాల్‌తో కలిపి ఇదే నాకు అన్నిటికంటే ఇష్టమైన జత, మగత తక్కువే గానీ గుండెని పెద్దగా కదపదు.

కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే చట్టం గట్టి అదుపులో ఉంచినది, లెక్కా పత్రం ఉండాలి. "డాక్టర్ గారూ, ఒక వయల్ ఇంటికివ్వండి" అని అడిగేవాళ్లుంటారు. ఇవ్వం.

బ్యుటార్ఫనాల్ ఇచ్చారంటే నొప్పి మందు ఇచ్చినట్టేనా?

సగమే. అది మగతని చక్కగా పెంచుతుంది, దగ్గు ఆపుతుంది, ఊపిరిని మరీ అణచదు. నొప్పి మాత్రం కుక్కలో ఓ గంటసేపు, అదీ ఓ మోస్తరు నొప్పే. ఎముక విరిగిన కుక్కకి బ్యుటార్ఫనాల్ ఇచ్చి చేతులు దులుపుకోకూడదు.

ప్రొపొఫాల్, తెల్లగా పాలలా ఉండేది, అది మంచిదంటారు?

మంచిదే, నరంలోకి ఇస్తే అర నిమిషంలో పడుకుంటుంది, త్వరగా లేస్తుంది. కానీ ఈ పేజీ మగత మందుల పోలిక గురించి కాబట్టి ప్రొపొఫాల్‌ని నేను కొలబద్దలా చూస్తాను. ఏ ప్రీమెడ్ లేకుండా ఇరవై కిలోల కుక్కకి 12 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. డెక్స్‌మెడిటోమిడిన్, బ్యుటార్ఫనాల్ ఇచ్చాక అదే కుక్కకి 4 సరిపోవచ్చు. ముందిచ్చిన జత ఎంత గట్టిగా పనిచేసిందో ఈ తేడాలోనే తెలుస్తుంది. అయితే ఇలా బాగా మగతలో ఉన్న కుక్కలో రక్తం నెమ్మదిగా తిరుగుతుంది, మందు మెదడుకి చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. ఇంకా పడుకోలేదే అని గబగబా తోస్తే ఊపిరి ఆగుతుంది. నిమిషం, నిమిషంన్నర తీసుకుని ఎక్కించాలి, గొంతులో పెట్టే ట్యూబు, ఆక్సిజన్ చేతికందేంత దగ్గర ఉండాలి. ఇవి లేని చోట ప్రొపొఫాల్ తియ్యకండి. తెరిచిన సీసా మర్నాటికి దాచకండి, ఆ కొవ్వు ద్రవంలో బాక్టీరియా ఇష్టంగా పెరుగుతుంది.

జోలెటిల్?

కెటమిన్ జాతి టిలెటమిన్, డయాజిపామ్ జాతి జోలజిపామ్ ఒకే సీసాలో. కొద్ది మందు చాలు, అందుకే దూరం నుంచి బాణంతో కొట్టే చోట పనికొస్తుంది. కుక్కలో జోలజిపామ్ ముందు దిగిపోయి టిలెటమిన్ మిగులుతుంది కాబట్టి లేచేటప్పుడు కాళ్లు కొట్టుకుంటూ, అరుస్తూ లేస్తుంది. పిల్లిలో ఇది తిరగబడుతుంది.

మా పగ్‌కి, మా ముధోల్‌కి ఒకటే మందా?

ఒకటే మందు కావచ్చు, ఒకటే జాగ్రత్త మాత్రం కాదు.

పగ్, షిట్జు, ఫ్రెంచ్ బుల్‌డాగ్, ఈ చప్పిడి ముక్కు వాటికి ప్రమాదం మందులో కంటే గొంతులో ఉంది. మెలకువగా ఉన్నప్పుడే కష్టపడి గాలి పీలుస్తాయి, మగత రాగానే గొంతు కండ వదులై దారి మూసుకుంటుంది. ట్యూబు లేకుండా గాఢంగా మగత ఇచ్చి గోళ్లు తీసేద్దాం అనుకోవడం చాలా చెడ్డ ఆలోచన. లేచేటప్పుడు కూడా ట్యూబు తొందరపడి తీయం, తల ఎత్తి నమిలేదాకా ఉంచుతాం. మే నెలలో అయితే ఇవి రొప్పి రొప్పి వేడెక్కుతాయి కూడా, ఆపరేషన్ పొద్దున్న ఏడింటికే పెట్టుకుంటే మంచిది.

ముధోల్, కారవాన్, రాజపాళయం, చిప్పిపారై లాంటి వేట కుక్కలకి ఒంట్లో కొవ్వు తక్కువ, కాలేయం కొన్ని మందుల్ని నెమ్మదిగా విరుస్తుంది. థయోపెంటోన్ అనే పాత మత్తు మందు వీటికి వద్దనేది అందుకే, సాయంత్రం దాకా మత్తు దిగదు. గ్రేహౌండ్ల మీద తేలిన సంగతి ఇది, మన దేశీ జాతుల్లో కూడా అదే జాగ్రత్త పాటిస్తాం. ఒళ్లు తొందరగా చల్లబడుతుంది, దుప్పటి తెచ్చుకోండి.

కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల్లో చాలావాటికి ఎమ్‌డీఆర్1 అనే జన్యువు చెడి ఉంటుంది. మెదడులోకి వచ్చిన మందుని బయటికి తోసే పంపు పనిచేయదు. ఈ సంగతి 2001లో బయటపడింది. వాటికి ఎసిప్రోమజిన్, బ్యుటార్ఫనాల్ తగ్గించి ఇస్తాం. ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు పడదని మీకెవరైనా చెప్పి ఉంటే అది కూడా ఇందుకే.

ఇక మన వీధి కుక్క, నాటు కుక్క. జాతి పరంగా బండే, కానీ బరువు కళ్లతో అంచనా వేస్తారు, అక్కడ వస్తుంది చిక్కు. పదిహేను కిలోలని అనుకున్నది తూకంలో పదకొండు ఉంటుంది. పైగా గోమార్లు, వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్, రక్తం తక్కువ.

గోమార్లకి మందు స్నానం నిన్నే చేయించాం, చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి, దీన్ని ఎవరూ చెప్పరు. ఆ స్నానపు మందుల్లో చాలావాటిలో అమిట్రాజ్ ఉంటుంది, అది కూడా జైలజిన్ లాగే ఆల్ఫా-2 తాళాల మీదే పనిచేస్తుంది. నాకిపోయో చర్మం లోంచి ఎక్కో కుక్క సగం మగతలో ఉంటే, మేం దాని మీద జైలజిన్ కూడా ఇస్తే గుండె ఎంత నెమ్మదించాలో అంతకంటే ఎక్కువే నెమ్మదిస్తుంది. అమిట్రాజ్ విషమెక్కిన కుక్కకి ఇచ్చేది కూడా యోహింబిన్, అటిపమెజోలే, అదే కుటుంబం అనడానికి ఇంతకంటే రుజువేం కావాలి. ఆపరేషన్‌కి వారం ముందు నుంచి ఆ స్నానం ఆపండి. టిక్ ఫీవర్ ఉన్న ప్రాంతం కాబట్టి రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు కూడా చూపించుకోండి.

ముసలిది, పన్నెండేళ్లు, పళ్లు తీయాలి. మత్తు తట్టుకుంటుందా?

వయసు జబ్బు కాదు. గుండె శబ్దం విని, రక్త పరీక్ష చూసి, కిడ్నీ, కాలేయం అంకెలు చూసి చెప్తాం. గుండె కవాటం కారుతున్న కుక్కకి డెక్స్‌మెడిటోమిడిన్, జైలజిన్ వద్దు. షుగర్ ఉన్న కుక్కకి కూడా ఈ రెండూ ఇబ్బందే, ఇన్సులిన్‌ని అణచి రక్తంలో చక్కెర పెంచుతాయి, మూత్రం కూడా ఎక్కువ పోయిస్తాయి. మిడజోలామ్, బ్యుటార్ఫనాల్ ఇచ్చి, కొంచెం ప్రొపొఫాల్‌తో పడుకోబెట్టి, ట్యూబు వేసి, యంత్రంతో పీల్పించే మత్తు ఐసోఫ్లురేన్ మీద నడిపిస్తే చాలా ముసలి కుక్కలు హాయిగా లేచి వెళ్లాయి. ఐసోఫ్లురేన్ యంత్రం లేని చోట పన్నెండేళ్ల కుక్కకి గంటన్నర పళ్ల పని పెట్టుకోకండి, యంత్రం ఉన్నచోటికి పంపమని అడగండి. అలా పంపినందుకు ఏ డాక్టరూ చిన్నబోనక్కర్లేదు.

రాత్రి నుంచి నీళ్లు కూడా ఆపేశాం, బాగుందా?

అన్నం ఆపండి, నీళ్లు కాదు. పెద్ద కుక్కకి ఆరు గంటల ముందు నుంచి తిండి ఆపితే చాలు, నీళ్లు బయల్దేరేదాకా ఉంచొచ్చు. చిన్న కుక్కపిల్లకి గంటా రెండు గంటలు మించి ఆకలి పెట్టొద్దు, చక్కెర పడిపోతుంది. "ఒక్క బిస్కెట్టే వేశాం సార్" అనేవాళ్లు దాచకుండా చెప్తే చాలు, తిట్టను, టైం మారుస్తాను.

ఇంట్లోనే ఏదైనా మాత్ర వేసి తీసుకురావచ్చా? బాగా భయపడుతుంది.

డాక్టర్ రాసిస్తే వేయొచ్చు, నిజానికి నేను ఈ మధ్య చాలామందికి రాస్తున్నాను. ముందు రాత్రి గాబాపెంటిన్, పొద్దున్న బయల్దేరే రెండు గంటల ముందు మళ్లీ అదే, అవసరమైతే ట్రాజొడోన్ తోడు. క్లినిక్ గుమ్మం దగ్గరే నాలుగు కాళ్లూ తన్నిపెట్టే కుక్క కొంచెం తూలుతూ లోపలికి వస్తుంది, ఇంజక్షన్ మందు తక్కువ పడుతుంది. టెన్షన్ పడి గుండె దడదడలాడే కుక్కకి ఎంత మందిచ్చినా ఎక్కదు, చివరికి ఎక్కినప్పుడు ఒక్కసారిగా కూలుతుంది. పక్కింటాయన చెప్పాడనో, మిగిలిపోయాయనో మనుషుల నిద్ర మాత్రలు మాత్రం వేయకండి. వేసేసి ఉంటే స్ట్రిప్పు పట్టుకురండి.

ఈ జత ఆ జత కంటే మెరుగని పరిశోధన పేపర్లు చెప్తాయి, వాటిని ఎలా చదవాలి?

ఇది పిల్లలు అడిగే ప్రశ్న, నాకిష్టమైన ప్రశ్న కూడా. ముందు ఏ కుక్కల మీద చేశారో చూడండి. చాలావాటిలో ఆరో ఎనిమిదో బీగిల్స్ ఉంటాయి, అన్నీ ఆరోగ్యంగా, ఒకే వయసువి, మనుషులకి అలవాటు పడ్డవి. మీ టేబుల్ మీదికి వచ్చేది జ్వరంతో ఉన్న, గుర్తు తెలియని, భయంతో కరిచే కుక్క. తర్వాత ఏం కొలిచారో చూడండి. ఎంత త్వరగా పక్కకి ఒరిగింది, మగతకి ఎన్ని మార్కులు, ప్రొపొఫాల్ ఎంత తక్కువ పట్టింది, ఇవన్నీ సౌకర్యం మన వైపు నుంచి. బీపీ ఎంత ఉంది, మధ్యలో కదిలిందా, లేచేటప్పుడు ఏడ్చిందా, మర్నాడు తిన్నదా, ఇవి కుక్క వైపు నుంచి. మార్కులు వేసినవాళ్లకి ఏ మందు ఇచ్చారో తెలిస్తే ఆ మార్కుల్ని పూర్తిగా నమ్మేయకండి. డోసులు సమాన బలంతో ఉన్నాయో లేదో కూడా చూడాలి, ఒక మందుని పైడోసులో, ఇంకోదాన్ని కిందిడోసులో పెట్టి పోల్చితే గెలిచేదెవరో ముందే తెలుసు.

అసలు చనిపోయే ప్రమాదం ఎంత?

సూటిగా చెప్తాను. బ్రిటన్‌లో 2002 నుంచి 2004 దాకా 98,036 కుక్కల్ని లెక్కపెట్టి 2008లో అచ్చేశారు. మొత్తం మీద 0.17 శాతం చనిపోయాయి, అంటే సుమారు ఆరు వందల్లో ఒకటి. ఆరోగ్యంగా ఉన్నవాటిలో 0.05 శాతం, జబ్బుతో ఉన్నవాటిలో 1.33 శాతం. ఆ అంకె మన ఊరికి అలాగే అతకదు, అక్కడి సదుపాయాలు వేరు. కానీ అందులో ఉన్న ఇంకో సంగతి ఎక్కడైనా అతుకుతుంది. చనిపోయిన కుక్కల్లో దాదాపు సగం ఆపరేషన్ అయిపోయాక, అందులోనూ ఎక్కువ మొదటి మూడు గంటల్లో పోయాయి. అంటే కుట్లు వేసి, గ్లౌజులు తీసి, టీ తాగుదామని అందరూ బయటికి వెళ్లిన సమయంలో.

అందుకే ఏ జత వాడారు అనే ప్రశ్న కంటే, దిగేదాకా పక్కన ఎవరు కూర్చుంటారు అన్నది మీరు ముందు అడగండి. మా దగ్గర ఆ పని చేసే అమ్మాయి ఒక పీట వేసుకుని కుక్క తల దగ్గర కూర్చుంటుంది. నాలుక కొంచెం బయటికి లాగి తడి గుడ్డ మీద పెడుతుంది, ఐదు నిమిషాలకోసారి చిగురు నొక్కి రంగు వెనక్కి రావడం చూస్తుంది, థర్మామీటర్ పెడుతుంది. 100 ఫారెన్‌హీట్ కంటే తగ్గితే వేడినీళ్ల సీసాలు గుడ్డ చుట్టి పక్కన పెడుతుంది, గుడ్డ చుట్టకపోతే చర్మం కాలుతుంది. కెటమిన్ ఇచ్చినవాటికి కళ్లు తెరిచే ఉంటాయి, ఎండిపోకుండా ఆయింట్‌మెంట్ వేస్తుంది. ఇవన్నీ ఆమె ఒక పాత నోట్‌బుక్‌లో రాస్తుంది, ఆ నోట్‌బుక్ మా క్లినిక్‌లో అన్నిటికంటే ఖరీదైన పరికరం అని నేను అంటే నవ్వుతుంది.

విరుగుడు ఇచ్చేస్తే వెంటనే ఇంటికి తీసుకెళ్లొచ్చా?

అన్నిటికీ విరుగుడు లేదు. జైలజిన్‌కి, డెక్స్‌మెడిటోమిడిన్‌కి ఉంది, కెటమిన్‌కి లేదు. ఇద్దరినీ కలిపి ఇచ్చి, కెటమిన్ ఇంకా ఒంట్లో ఉండగానే జైలజిన్‌ని మాత్రం తీసేస్తే మిగిలేది ఒంటరి కెటమిన్, అంటే బిగుసుకుపోయి అరిచే కుక్క. కెటమిన్ ఇచ్చి కనీసం అరగంట పైన దాటాకే విరుగుడు గురించి ఆలోచిస్తాం. ఇంకోటి, విరుగుడు మగతతో పాటు నొప్పి తగ్గించే గుణాన్ని కూడా తీసుకుపోతుంది, కాబట్టి వేరే నొప్పి మందు ముందే పడి ఉండాలి. అప్పుడప్పుడు లేచిన కుక్క ఇంటికెళ్లాక మళ్లీ మగతలోకి జారుతుంది కూడా.

ఇంటికి తెచ్చాక తూలుతోంది, ఏడుస్తోంది. నొప్పా?

నొప్పి కావచ్చు, మత్తు దిగేటప్పటి అయోమయం కావచ్చు. మీ గొంతు విని, తడిమితే ఊరుకుంటే అయోమయమే. కోసిన చోటు వైపు తిరిగి చూస్తూ, ఒళ్లు ముడుచుకుని, పడుకోలేక లేస్తూ ఉంటే నొప్పి, ఫోన్ చేయండి. ఆ రాత్రి మంచం మీద, సోఫా మీద, మెట్ల దగ్గర పెట్టకండి, నేల మీద దుప్పటి వేయండి. బాగా తెలివి వచ్చి, తూలకుండా నడిచాక గుక్కెడు నీళ్లు, అవి కడుపులో నిలిస్తే గంట తర్వాత మామూలుగా తినేదాంట్లో పావు వంతు పెరుగన్నం. చిగుళ్లు తెల్లగా ఉన్నా, ఊపిరి శబ్దం మారినా, పిలిస్తే పలకకపోయినా రాత్రి రెండయినా సరే ఫోన్ చేయండి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే ఆ పూట వేరే గదిలో పెట్టండి, వాసన మారిన వాడిని అది గుర్తుపట్టకుండా మీద పడుతుంది.